తాళంచెవి పట్టుకున్న పెద్దమ్మ

మెదక్‌లో హైదరాబాద్ రోడ్డు మీద మొన్నటిదాకా ఒక పెద్ద హోర్డింగ్ ఉండేది. తెల్ల కారులో కూర్చుని, అట్టతో చేసిన బారెడు తాళంచెవి పట్టుకుని నవ్వుతున్న ముసలమ్మ. పక్కన ‘జ్ఞానమ్మ కొన్నది, మరి మీరు?’ అని ఎర్రటి అక్షరాలు. ఆ జ్ఞానమ్మ మా పెద్దమ్మ. ఆ మాట రాసిన మహానుభావుణ్ణి నేనే, జోయెల్‌ని. ఆమె కారు కొనడం కాదు కదా, ఆ ఫొటో తీసిన రోజు దాకా కారెక్కింది కూడా లేదు.

మా అమ్మ పోయాక నన్ను సాకింది ఈమే. ముప్పై ఏళ్లుగా చర్చిలో బెంచీలు తుడుస్తోంది. ఒకసారి చెయ్యి తగిలి పూలజాడీ పగిలితే, ఎవరూ చూడకపోయినా, పాస్టరయ్యగారి దగ్గరికి తనే పోయి చెప్పుకున్న మనిషి.

నేను పనిచేసే కార్ల షోరూంలో అమ్మకాలు పడిపోయాయి. హోర్డింగ్ మీద పట్నం మోడల్ వద్దు, మన ఊరి మొహం ఉండాలి, ‘ఈమే కొన్నదంటే మనకేం తక్కువ’ అనిపించాలి అని నేనే మేనేజర్‌కు తెలివి చెప్పాను. మర్నాడు పెద్దమ్మ నాకు అన్నం డబ్బా తెచ్చింది. కార్లో కూర్చోబెట్టి, చేతికి అట్ట తాళంచెవి ఇచ్చి ఫొటో తీశాను. ఎందుకు బిడ్డా అంటే, ఊరికే, ఇంట్లో గోడకు పెట్టుకుందాం అన్నాను. పాపం, కొంగు సర్దుకుని మరీ నవ్వింది. మేనేజర్‌కేమో ఆమె ఒప్పుకుందని చెప్పాను.

నా తెలివి పండింది. కౌడిపల్లి నుంచి, శివ్వంపేట నుంచి జనం వచ్చి ఆ ముసలమ్మ కారు చూపించమన్నారు. ఒక్క నెలలో పద్నాలుగు బళ్లు పోయాయి. నాకు శాలువా కప్పారు. సిగ్గులేకుండా కప్పించుకున్నాను. పెద్దమ్మ హోర్డింగ్ చూసి కూడా నన్నొక్క మాట అడగలేదు.

ఆ నెలే ఆమె పింఛను ఆగింది. కారున్నవాళ్లకు పింఛనేమిటని ఎవరో ఫిర్యాదు చేశారట. ఆఫీసుకు నన్ను తోడు తీసుకుపోయింది. గుమాస్తా తన ఫోన్లో హోర్డింగ్ చూపించి, ఈ ఫొటో తీసిందెవరని అడిగాడు. ఒప్పుకోని మనిషి ఫొటో వాడానని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది.

పెద్దమ్మ నా వైపు చూడనే లేదు. “ఎవలో పిలగాడు సారూ. నాకెర్క లేదు” అన్నది.

పక్కనే నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు. ఈమె కారు కొనలేదని షోరూం నుంచి ఒక కాగితం తెస్తే చాలన్నాడు గుమాస్తా. అది అడగాలంటే మేనేజర్ ముందు నా అబద్ధం ఒప్పుకోవాలి. రేపడుగుతా, ఎల్లుండడుగుతా అనుకుంటూ మూడు నెలలు గడిపాను. థూ, నాదీ ఒక బతుకేనా.

మొన్న హోర్డింగ్ మార్చారు. పెద్దమ్మ ఇంటి పెంకుల్లోంచి వాన కారుతోందని పాత ఫ్లెక్సీ అడిగి తెచ్చాను. దీన్ని అడగడానికి మాత్రం నోరొచ్చింది. పైకెక్కి పరుస్తుంటే కింద నుంచి పెద్దమ్మ కేకేసింది.

“బొమ్మ కిందికి పెట్టు బిడ్డా. ఎవలన్న సూస్తే మల్ల నీ నౌకరికి తిప్పలైతది.”

అలాగే పరిచి దిగాను. అన్నం పెడుతూ, ఆ కాగితం సంగతి తనే ఎత్తింది. “మీ సారు మంచిగున్నప్పుడు అడుగు. నాకేం తొందర లేదు.”

తల ఊపి, అన్నం కలుపుకున్నాను.