టీచర్ కొట్టేయించిన వాక్యం

కంప్యూటర్ లోపలి ఫ్యాను పాతబడితే కాలిన దుమ్ము వాసన ఒకటి వస్తుంది. నిన్న మధ్యాహ్నం చీర అంచుకు డిజైను గీస్తుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. యంత్రం ఆపేసి అలాగే కూర్చుండిపోయాను. అనసూయ టీచర్ గుర్తొచ్చారు.

సూరత్ నవాగామ్‌లో మేము కింది గదిలో, ఆమె పై గదిలో ఉండేవాళ్లం. మునిసిపాలిటీ తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పితో ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఆగి దిగేవారు. మా నాన్న మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. చీరల మీద అచ్చువేసే పూలు, తీగలు కంప్యూటర్లో గీసే పని మా ఇంట్లో నేర్చుకున్నది నేనొక్కదాన్నే. లాప్‌టాప్ కొన్న రోజు అమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టింది.

ఎనిమిదో నెలలో తెర మీద గీతలు వచ్చాయి. సర్వీస్ సెంటర్ వాళ్లు రెండు రోజులు ఉంచుకుని, అంతా బాగానే ఉందంటూ ఒక చీటీ ఇచ్చి పంపారు. ఆ గీతలు వస్తూ పోతూనే ఉన్నాయి. ఏడాది వారంటీ ముగిసిన మూడు వారాలకు కాలిన దుమ్ము వాసన వచ్చి యంత్రం పూర్తిగా ఆగిపోయింది. "వారంటీ ఖతమ్. లోపల బోర్డు పోయింది, కొత్తది కొనుక్కో" అన్నాడు కౌంటర్లో మనిషి. నేను తల ఊపి వచ్చేశాను. సేటు ముందైనా, ఆఫీసు ముందైనా తల ఊపి వచ్చేయడమే మా ఇంటి అలవాటు. మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే టీచర్ దిగి వచ్చారు.

"ఏమైంది బిడ్డా?"

చెప్పాను. ఆమె విని, "మొదలు ఇచ్చిన చీటీ ఉన్నదా?" అని అడిగారు. సంచీ అడుగున నలిగి ఉంది. అందులో తేదీ, 'తెర మీద గీతలు' అన్న మాట స్పష్టంగా ఉన్నాయి.

"వారంటీ అయిపోయింది కద టీచర్, ఇంక మనకు హక్కుంటదా?"

"నాకు గూడ తెల్వదు. తెలుసుకుందాం, పా."

నాకు తెలియదు అని అంత మామూలుగా చెప్పే పెద్దమనిషిని అంతవరకు నేను చూడలేదు. మర్నాడే ఇద్దరం రెండు ఆటోలు మారి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాం. వకీలు లేకపోయినా ఫిర్యాదు మనమే రాసుకోవచ్చని అక్కడే తెలిసింది. గడువు దాటాక చెడిపోయిన ప్రతి వస్తువుకూ కంపెనీ బాధ్యత వహించదనీ, లోపం గడువులోపే బయటపడి వాళ్లు సరిచేయకపోతే మాత్రం గట్టిగా అడగవచ్చనీ అక్కడి గుమాస్తా ఓపికగా చెప్పాడు. ముందు కంపెనీకి ఉత్తరం రాశాం. వారంటీ లేదు అని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. అప్పుడు ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాం.

నాన్న పక్కన నిలబడి, "పదకొండో నెలలనే బంద్ అయిందని రాయి. ఎవలు చూడొచ్చిండ్రు?" అన్నాడు. నేను రాశాను కూడా. టీచర్ ఆ వాక్యం మీద వేలు పెట్టారు.

"ఇది కొట్టెయ్. బంద్ అయింది పదమూడో నెలల. గదే రాయి. గీతలు ఎనిమిదో నెలల వచ్చినయ్, గది గూడ రాయి. చేతిల నిజం ఉండంగ అబద్ధం ఎందుకు?"

"గట్ల రాస్తే ఓడిపోతం టీచర్" అన్నాను.

"ఓడిపోతే ఓడిపోదాం. జర మంచిగ రాయి, కొట్టివేతలు లేకుండ."

కొట్టేసి మళ్లీ మొదటినుంచి రాశాను. మనసులో మాత్రం ఆమె మీద కోపంగానే ఉంది.

వాయిదాలు చాలా పడ్డాయి. పడిన ప్రతిసారీ ఆమె మోకాళ్లు పట్టుకుంటూ నాతో వచ్చేవారు. బయట మెట్ల మీద శనగపిండితో చేసే ఖమణ్ తింటూ, లోపల చెప్పాల్సిన నాలుగు మాటలు నాచేత హిందీలో వల్లె వేయించేవారు. చివరికి మమ్మల్ని లోపలికి పిలిచారు. యంత్రం ఎప్పుడు ఆగిందని అడిగారు. "వారంటీ అయిపోయాక, మూడు వారాలకు" అన్నాను. కంపెనీ వకీలు చేతిలో ఒక కాగితం ఉంది. పన్నెండో నెలలో కూడా యంత్రం ఇంటర్నెట్‌లో పనిచేసినట్టు వాళ్ల రికార్డు. నేను మాట మారిస్తే పట్టుకోవడానికే తెచ్చుకున్నాడేమో, పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. నేను చీటీ ముందు పెట్టి, వకీలు వైపు తిరిగి, "జబ్బు మాత్రం ఎనిమిదో నెలలోనే మొదలైంది. మీ దగ్గరికే తెచ్చాను" అన్నాను. వెనక బెంచీ మీద టీచర్ కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

తర్వాతి వాయిదాకు కంపెనీ రాజీకి వచ్చింది. బోర్డూ తెరా ఉచితంగా మార్చి, ఆ రిపేరుకు ఏడాది హామీ రాసిచ్చింది. నష్టపరిహారం రాలేదని నేను గొణిగితే, "మిషిన్ మంచిగ చెయ్యమన్నం. చేసిండ్రు. పోయి పని చేస్కో" అన్నారామె. ఆ యంత్రం మీదే నేను నాలుగేళ్లు పనిచేశాను. ఇల్లు నిలదొక్కుకుంది. టీచర్ రెండేళ్ల కిందట జ్వరంతో పోయారు. ఫిర్యాదు రాసిన రోజు ఆమె మీద కోపం తెచ్చుకున్నానని ఆమెకు చెప్పనేలేదు.

ఇప్పుడు నాకు సొంత డిజైన్ల దుకాణం ఉంది. పోయిన నెల సవితాబేన్ అనే వ్యాపారి ఒక చీర పట్టుకుని వచ్చింది. నేనిచ్చిన డిజైను ముగిసి మళ్లీ మొదలయ్యే అతుకు దగ్గర తీగ కలవడం లేదట. సవరణలకు పదిహేను రోజులే గడువని నా బిల్లు మీద ఉంది. ఆమె వచ్చింది రెండు నెలలకు. గడువు అయిపోయిందన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆగి, ఫైలు తెరిచి చూశాను. అతుకు కలవడం లేదు, నేను గీసిన రోజు నుంచీ కలవడం లేదు. ఆమెను కూర్చోబెట్టి సరిచేశాను. 'తప్పు మొదటి నుంచీ ఉంది, నాదే' అని ఒక కాగితం మీద రాసి, కింద సంతకం చేసి ఆమె చేతికిచ్చాను.