గుర్రానికో ఫ్రేము, బండికో ఫ్రేము

పాత పుస్తకాల దుకాణంలో నాకో పంతొమ్మిదో శతాబ్దపు లిథోగ్రాఫు, అంటే రాతి పలకతో కాగితం మీద అచ్చేసిన బొమ్మ, దొరికింది. అందులో ఒక గుర్రం కట్టెల బండి లాగుతుంటుంది. ఖమ్మంలో ఫ్రేము కట్టడానికిచ్చాను. ఈ సాయంత్రం వెళ్తే ఫ్రేములో గుర్రం ఒక్కటే ఉంది.

"బండేదన్నా?" అన్నాను.

"కోసేసిన సార్. బరువు మోసే గుర్రం ఇంట్ల ఉండొద్దు. ఉరికే గుర్రం ఉండాలె," అన్నాడు ఫ్రేములాయన ప్రేమగా.

"అయ్యో, పడేసినవా?"

"గట్లెట్ల పడేస్త సార్? దానికి వేరే ఫ్రేము కట్టిన."

ఏడవాలో నవ్వాలో తెలియక రెండు ఫ్రేములూ పట్టుకుని ఖానాపురం హవేలి పేటలోని ఇంటికొచ్చాను. మా ఆవిడ గుర్రాన్ని హాల్లో తగిలించి, బండిని వంటింట్లోకి తీసుకుపోయింది.

"వంటింట్ల ఎందుకు?" అన్నాను.

"కట్టెలు గదా! ఇంకేడ పెడ్తరు?" అంది.

పొయ్యి పక్కన గోడకు మేకు నేనే కొట్టాను.