ఎండ చూసిన గుడ్డ

పందొమ్మిదివందల యాభైలలో ఒకసారి ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సెక్కాను. నాకప్పుడు పదిహేనేళ్ళు. తొడల మధ్య దురదతో కుదురుగా కూర్చోలేకపోతుంటే, గంజి వాసనేసే చీరలో పక్కనున్న, మగ్గం నేసే సాలె పెద్దామె కనిపెట్టింది.

"నెల గుడ్డలు యాడ ఆరేస్తావు పాపా?" అని చెవిలో అడిగింది.

"కట్టెల సందున, ఎవరికీ కనపడకుండా" అన్నాను తల దించుకుని. మా ఇంట్లో ఆడవాళ్ళందరం అక్కడే దాచేవాళ్ళం.

"గంజి పెట్టిన నూలుకే మేము ఎండ సూపిస్తాము, లేకుంటే బూజు పడ్తాది. ఒంటికి తగిలే గుడ్డను సీకట్లో పెడ్తావా? బాగా ఉతికి ఎండలో ఆరెయ్యి."

తన మూటలోని పాత నూలుచీర చింపి, మెత్తటి ముక్క నా ఒళ్ళో పెట్టింది.

ఆ ముక్క ఎప్పుడో చివికిపోయింది. నా కూతుళ్ళ గుడ్డలు మాత్రం, మా అత్త ఎంత తిట్టినా, మిద్దె మీద నడి ఎండలోనే ఆరాయి.