యాదగిరి ఒడిలో నల్లపెట్టె

2007 మే 13, ఆదివారం, ఉదయం పది గంటల అయిదు నిమిషాలు. ఏ.ఎస్. రావు నగర్‌లోని మా వీడియో గేమ్ పార్లర్ షట్టర్ పూర్తిగా ఎత్తకముందే అప్పారావు లోపలికి దూరాడు. పన్నెండింటికి కార్ఖానా ఏరియా నుంచి డీలర్ వచ్చి మా చివరి నల్లపెట్టెను ఎక్స్ఛేంజ్‌లో తీసుకుపోతాడని శనివారమే అతనికి చెప్పాను.

గేమ్ ఆడే యంత్రాన్ని, అంటే కన్సోల్‌ను, మా దగ్గర రంగుతోనే పిలిచేవారు. పాతది నల్లపెట్టె, వేరే కంపెనీ కొత్తది తెల్లపెట్టె. ఆడేవాళ్ళూ రెండు పార్టీలు. మూడేళ్ళు నల్లపెట్టెదే రాజ్యం. దాని ముందు కుర్చీ దొరకాలంటే గంట ఆగాలి. తెల్లది వచ్చిన ఆరు నెలల్లో అంతా తారుమారైంది. అందులో ఆటగాడి నుదుటి మీద చెమట కూడా కనిపించేది మరి! నల్లపార్టీలో మిగిలింది అప్పారావు ఒక్కడే. శ్రీకాకుళం నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేస్తున్నాడు. తెల్లపార్టీకి పెద్ద యాదగిరి. స్కూటర్ స్పేర్ పార్టుల దుకాణం అతనిది. అప్పారావును ఏడిపించందే అతనికి ఆదివారం గడవదు.

ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచేది మెమరీ కార్డ్. అప్పారావు కార్డులో ఏడాదిగా ఆడుతున్న క్రికెట్ లీగ్ ఉంది. ఫైనల్ ఒక్కటే మిగిలింది. ఆ కార్డు తెల్లపెట్టెకు పట్టదు. అతనుండే హాస్టల్లో టీవీ లేదు. చుట్టుపక్కల పార్లర్లన్నీ అప్పటికే పార్టీ మార్చేశాయి.

డిస్క్ పెట్టాడు. తెర వెలగలేదు. డిస్క్‌ను చదివే లెన్స్ అరిగిపోయింది. తుడిచి పెట్టినా అంతే.

"ఏటండీ ఆంటీ, ఇంకవదా?" అన్నాడు.

మా వృత్తిలో చివరి వైద్యం ఒకటుంది. పెట్టెను తలకిందులు చేసి, కాస్త వాల్చి పట్టుకుంటే లెన్స్ ఒక్కోసారి చదువుతుంది. కదిలిందా, ఆట ఆగిపోతుంది. దిండు ఆనించి చూశాను, ఒరిగిపోయింది. గంటసేపు పట్టుకునే ఓపిక నా చేతుల్లో లేదు.

అప్పటికే వచ్చి తెల్లపెట్టె ముందు కూర్చున్న యాదగిరి నవ్వాడు. "ఏందీ అప్పారావ్, నీ డబ్బా గిట్ల మొండికేసింది?"

అప్పారావు డిస్క్‌ను మరోసారి చొక్కాకు తుడిచి పెట్టాడు. యాదగిరి అతని మొహం చూసి, తన కంట్రోలర్ పక్కన పెట్టేశాడు.

"ఇటియ్యి. నేను పట్టుకుంటా, నువ్వు ఆడు."

నేల మీద కూర్చుని, నల్లపెట్టెను తలకిందులుగా ఒడిలో పెట్టుకున్నాడు. తెర వెలిగింది!

పదకొండు నలభైకి చివరి ఓవర్. పదకొండు పరుగులు కావాలి. తెల్లపార్టీ వాళ్ళు ఆట ఆపేసి మా వెనక గుమిగూడారు. యాదగిరి చెమట తుడుచుకోవడం లేదు. ముక్కు మీద ఈగ వాలితే, "ఆంటీ, జెర దీన్ని తోలుండ్రి" అన్నాడు పెదవులు కదపకుండా. విసనకర్రతో తోలాను. ఆఖరి బంతికి నాలుగు పరుగులు మిగిలాయి. అప్పారావు బటన్ నొక్కాడు. బంతి గాల్లోకి లేచి బౌండరీ దాటింది.

అందరికంటే ముందు ఎగిరింది యాదగిరి.

పెట్టె నేల మీద పడింది. తెర మీద కప్పు సగం కనబడి ఆగిపోయింది. ఆట సేవ్ కాలేదు. మళ్ళీ ఆన్ చేస్తే పెట్టె లైటే వెలగలేదు. తెరిచి చూస్తే డిస్క్ మీద లోతుగా గీత.

"నేనే ఖరాబ్ చేసిన కదనే," అన్నాడు యాదగిరి.

అప్పారావు గీతపడ్డ డిస్క్‌ను అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టాడు. "మా పార్టీ గెలిస్తే నువ్వెందుకు ఎగిరావేటి?"

ముందు యాదగిరి నవ్వాడు, తర్వాత ఇద్దరూ ఆపుకోలేకపోయారు. డీలర్ వచ్చి పెట్టెను విడిభాగాల కింద తీసుకుపోయాడు.

తర్వాతి ఆదివారం అప్పారావు వచ్చాడు. తెల్లపెట్టెను ముట్టుకోలేదు. యాదగిరి పక్కన కూర్చుని అతని బ్యాటింగ్‌కు వంకలు పెట్టాడు. పార్టీలవారీగా రెండు గోడలకు వేసిన కుర్చీలను నేను ఆ వారమే ఒకే వరసలోకి జరిపాను. అభిమానం మార్చుకోకుండానే అవతలివాడి గెలుపుకు ఎగరవచ్చని నాకు తెలిసింది ఆ రోజే.

పోయినవి: నల్లపెట్టె ఒకటి, డిస్క్ ఒకటి, కప్పు ఒకటి.