గోడకెక్కిన మనిషి

ఇటలీలో ఒర్వియెటో అనేది చిన్న ఊరనీ, ఒక్కరోజులో నడిచి చూసేయొచ్చనీ మా ఆవిడ అంటూ ఉండేది. ఆమె పోయిన ఏడాదికి, కెనడాలోని ఒషావా నుంచి ఒక్కణ్ణే వెళ్లాను. నడక నాది, నస మోకాళ్లది.

ఒక సందులో గోడకు నల్ల అంచు కాగితం అంటించి ఉంది. దాని మీద ఒక పెద్దాయన ఫోటో. గోడమీద ఫోటో కనబడితే మనకు ఓట్లే గుర్తొస్తాయి కదా! అది చదువుతున్న ముసలాయనను, "గెలుస్తాడా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"నిన్న పోయాడు," అన్నాడాయన.

నాలుక కరుచుకున్నాను. ఆయన నవ్వేశాడు.

"ఇక్కడ ఎవరు పోయినా ఇలా గోడకెక్కిస్తాం. టొరంటోలో ముప్పై ఏళ్లు తాపీపని చేశాను. అక్కడ పోతే పక్కింటికైనా తెలియదని తిరిగొచ్చేశాను."

నిజమే. మా ఆవిడ పోయింది జనవరిలో. మంచు కరిగాక పక్కింటాయన పలకరించాడు. "మీ మిసెస్ కనబడటం లేదు, ఇండియా వెళ్లారా?"

అవునన్నాను. ఆయన లెక్కలో ఆమె ఇప్పటికీ ఇండియాలోనే ఉంది.

ఆ సంగతి ముసలాయనకు చెప్పేశాను.

"ఆమె పేరేమిటి?" అన్నాడాయన.

"సుశీల."

ఆయన టోపీ తీసి, ఆ పేరు మెల్లగా, తప్పుగా, రెండుసార్లు పలికాడు. నేను దిద్దలేదు.