మాటకు పెట్టిన పథ్యం

ఫిల్మ్ నగర్ బస్తీలోని ఆ సర్కారు బడిలో నాకిచ్చిన గది నిజానికి మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలది. వారానికి రెండు రోజులు ఆ బస్తాల మధ్య కూర్చుని, మాట సరిగా రాని పిల్లలకు మాటలు నేర్పడం నా ఉద్యోగం. స్పీచ్ థెరపిస్టు అంటే ఎవరికీ నోరు తిరిగేది కాదు, అందుకని అందరూ మాటల మేడం అనేవారు. ఒక అద్దం, ఒక కట్ట బొమ్మల కార్డులు, బుడగలు ఊదించడానికి సబ్బు నీళ్ల సీసా, అంతే నా సరంజామా. బయట టీకొట్టు దగ్గర డబ్బింగ్ చెప్పేవాళ్లు ఒకే డైలాగును పదిసార్లు అనుకుంటూ నిలబడేవారు. మీ పనీ అదేగా మేడం అని హెడ్మిస్ట్రెస్ నవ్వేది.

అవి మాదాపూర్ వైపు రోజుకో అద్దాల మేడ లేస్తున్న రోజులు. ఆ మేడలు కట్టడానికి పాలమూరు తండా నుంచి వచ్చిన లంబాడీ కుటుంబంలోని పిల్లను ఒకనాడు హెడ్మిస్ట్రెస్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆరేళ్లు, ఒకటో తరగతి.

"ఈ పిల్లకు మాటలే లేవు మేడం. నీళ్లు కావాలన్నా చెయ్యి చూపిస్తది. జర చూడండి" అంది.

ఇరవై కార్డులు చూపించాను. మూడింటికి పేరు చెప్పింది. మిగిలినవాటికి నా మొహం చూసింది. మాటలు వయసుకు తగ్గట్టు రాలేదని ఫైల్లో రాసేశాను. ఏ భాషలో అడిగాను? తెలుగులో. ఆ పిల్ల ఇంట్లో ఏం మాట్లాడుతుందో కనుక్కోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు తల్లి వచ్చింది. జూబ్లీహిల్స్‌లో రెండిళ్లలో అంట్లు తోమి, అటునుంచే వచ్చింది.

"తెలుగు నాకు, మా ఆయనకు జరంత వస్తది మేడం. ఇంట్ల మా బాసనే. మా అత్తకైతే తెలుగు అస్సలు రాదు. పిల్లను ఆమెనే చూస్తది" అంది.

రెండు భాషలు కలిస్తే పిల్లలు తికమకపడతారనీ, బడి భాష ఒక్కటే ఇంట్లోనూ మాట్లాడాలనీ నేను చెప్పాను. మాకు కాలేజీలో అలాగే నేర్పారు, అప్పట్లో మేమంతా అలాగే చెప్పేవాళ్లం. సాయంత్రాలు నేను పనిచేసే క్లినిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల తల్లిదండ్రులకూ అదే చెప్పేదాన్ని. వాళ్లు బుద్ధిగా తలూపి, బయటికెళ్లి ఇంకో ఇద్దరు డాక్టర్లను అడిగి, ఆఖరికి తమకు తోచింది చేసేవారు. చదువుకున్నవాళ్లకు ఎంత చెప్పినా ఇంతే అని విసుక్కునేదాన్ని. వాళ్లు నా మాట విననందుకే ఆ పిల్లలు బతికిపోయారని తరువాత తెలిసింది.

మూడు నెలలు తిరిగేసరికి ఆ పిల్ల బంతి, బస్సు, కుర్చీ అని గడగడా చెప్పసాగింది. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ముందు హెడ్మిస్ట్రెస్ ఆమెను నిలబెట్టి చెప్పించింది. ఆయన భేష్ అన్నాడు. నాకు ఆ వారమంతా కాళ్లు నేలమీద ఆనలేదు. కానీ ఒక సంగతి లోపల గుచ్చుతూనే ఉంది. కార్డు చూపిస్తే మాట వచ్చేది, కార్డు దించితే నోరు మూతపడేది. ఇది కావాలని అడగడం లేదు, ఎవరో కొట్టారని చెప్పడం లేదు. మొదట్లో తనలో తనే ఏదో గొణుక్కునేది, అదీ పోయింది.

ఇంట్లో ఎలా ఉంటుందో చూద్దామని ఒక మధ్యాహ్నం బడి వదలగానే పిల్ల వెంటే వెళ్లాను. బండరాళ్ల మధ్య మెట్లెక్కితే రేకుల గది. గుమ్మంలో నాయనమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. మనవరాలిని చూసి ఆమె మొహం విప్పారింది, కానీ పలకరించలేదు. కుండ వైపు వేలు చూపించింది. పిల్ల నీళ్లు తాగి వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊరికే కూర్చున్నారు. నన్ను చూసి మొహమాటం కాబోలనుకున్నాను.

ఇంతలో తల్లి వచ్చింది. నన్ను చూసి పొంగిపోయింది.

"మీరు చెప్పిన కాడికెళ్లి ఇంట్ల మా బాస బంద్ పెట్టినం మేడం. మా అత్తకు గట్టిగ చెప్పిన. పిల్ల ముంగట నోరు తెరవకు, తెరిస్తే దానికి మాటలు రావన్న. ఒక్కనాడు తప్పలేదు. పాట పాడుకోవాల్నన్నా గాడ బండ అవుతలికి పోతది."

"అంతకుముందు పాప ఆమెతో మాట్లాడేదా?" అన్నాను.

"మస్తు మాట్లాడేది. పండుకునేదాంక ఇద్దరిది ఒకటే లొల్లి. కతలంట, పాటలంట. మాకు నిద్ర వట్టనిచ్చేటోళ్లు కాదు."

ఆ పిల్లకు ఏ లోటూ లేదు. తెలుగు రాదు, అంతే. తనతో మాట్లాడే ఒక్క మనిషి నోరు నేను కట్టేశాను. మందుకు పథ్యం చేసినంత నిష్ఠగా ఆ ఇల్లు మూడు నెలలు మాటకు పథ్యం చేసింది. ఏడుపొచ్చింది, వాళ్ల ముందు ఏడిచే మొహం కూడా నాకు లేదు.

"తప్పు నాదమ్మా. నేను చెప్పింది మర్చిపొండి. ఇంట్లో మీ భాషే మాట్లాడండి, అత్తగారిని మాట్లాడనియ్యండి" అన్నాను.

ఆమె మొహం చిన్నబోయింది. "గట్లెట్ల మేడం? ఇప్పుడిప్పుడే బస్సు, బంతి అంటున్నది. మీరే చెప్తిరి. మల్ల మాటలు పోతే ఎట్ల?"

నాకు తెలిసినంతలో విడమరిచి చెప్పాను. ఆమె మర్యాదగా తలూపింది. ఆ తలూపడం నాకు బాగా తెలుసు, క్లినిక్‌లో రోజూ చూసేదే. ఇన్నాళ్లూ నా మాట జవదాటని మనిషి, జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక్క సరైన మాటను నమ్మలేదు.

ఇక దిక్కుతోచక నాయనమ్మ వైపు తిరిగాను. ఆమె భాషలో నాకు ఒక్క ముక్క రాదు. మాట్లాడమ్మా అని చేతులతో సైగ చేశాను. నేను ఎవరో ఆమెకు తెలుసు, నోరు తెరవొద్దన్న మేడం. కసురుతున్నాననుకుందేమో, గబగబా కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు చెప్పు తల్లీ, అవ్వను మాట్లాడమని మీ భాషలో చెప్పు" అని పిల్లను బతిమాలాను.

పిల్ల నన్ను చూసింది, తల్లిని చూసింది. తరువాత నిటారుగా నిలబడి, బడిలో చెప్పినట్టే, బంతి, బస్సు, కుర్చీ అంటూ ఇరవై పేర్లూ తప్పులేకుండా అప్పజెప్పింది. తల్లి మురిసిపోయింది. వాటిలో ఒక్కటీ అర్థంకాని ఆ ముసలావిడ, నోటి మీది కొంగు పళ్లతో పట్టుకుని, రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది.