గొళ్ళానికి స్కూలు సంచి

మా మేనత్త పోయింది. కొత్తపేట దగ్గర పల్లెలో పాతికేళ్ళుగా చిన్నపిల్లలకి చదువు చెప్పిన మనిషి, ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉండగానే, జలుబుతో మొదలైన జబ్బుకి వారం రోజుల్లో పోయింది. భూస్థాపన ప్రార్థనలో పాస్టరుగారు "నిద్రించేరు" అన్నారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు, మాలో అలాగే అంటారు. కానీ నేను పక్కనే ఉన్నాను. ఆమె నిద్రపోలేదు. ఆసుపత్రి మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ఊపిరి కోసం కొట్టుకుని కొట్టుకుని పోయింది.

మా నాన్న వైపు వాళ్ళకి ఒక జ్వరం ఉంది. నెలకో రెండు నెలలకో చెప్పాపెట్టకుండా వస్తుంది. కడుపునొప్పి, కీళ్ళ నొప్పులు, ఒళ్ళు కాలిపోవడం. మూడో రోజుకి దానంతటదే దిగిపోతుంది, ఎవరికీ అంటదు. నాన్నకి ఉండేది. అత్తకి చిన్నప్పటి నుంచీ ఉంది. నన్ను వదిలేసి నా కూతురికి వచ్చింది. పాపకి నాలుగేళ్ళప్పుడు కాకినాడలో పరీక్షలు చేయించాకే ఆ జబ్బుకి ఒక పేరుందని తెలిసింది. ఒంట్లో ఉండే కాపలావాడు దొంగ లేకపోయినా లేచి ఇల్లంతా చితక్కొడతాడని డాక్టరుగారు అర్థమయ్యేలా చెప్పారు.

ఆడపిల్లలకి సంబంధాలు రావని మా వాళ్ళు దీన్ని దాచేవారు. అత్త దాచలేదు. కొత్త హెడ్మాస్టరు వస్తే మొదటి రోజే, "నాకు జ్వరం వస్తుందండీ, మూడు రోజులు రానండీ. నాలుగో రోజు ఆ పాఠాలూ కలిపి చెప్పేస్తానండీ" అనేసేది. అన్నట్టే చెప్పేది. స్కూలు పోయిందని పాప ఏడుస్తుంటే పాదాలు ఒళ్ళో పెట్టుకుని నొక్కుతూ, "జ్వరం రావడం తప్పు కాదే పిల్లా. దాచుకోవడం తప్పు" అనేది. నా కూతురు ఇవాళ తలెత్తుకుని బడికి వెళ్తోందంటే అత్త చలవే.

అత్త ఒక్కతే ఉండేది. జ్వరం వచ్చిన రోజు స్కూలు సంచిని వీధి తలుపు బయటి గొళ్ళానికి తగిలించేది. అది చూసి ఎవరూ పిలిచేవారు కాదు. పక్కింటావిడ జావ గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళేది. నాలుగో రోజు సంచి మళ్ళీ భుజానికెక్కేది.

ఈసారి కూడా సంచి తగిలించింది. అప్పటికే ఊరంతా జలుబులూ దగ్గులూ. రెండో రోజు అమలాపురం నుంచి ఫోన్ చేశాను.

"మన జ్వరమేనా అత్తా?"

"ఆయ్, మన జ్వరమేలేవే. నువ్వు రాకు, పాపకి పరీక్షలు కదా."

మధ్యలో దగ్గింది. మన జ్వరానికి దగ్గు ఉండదు. దగ్గుతో వస్తే అది వేరే అని, ఒక్క పూట కూడా ఆగొద్దని డాక్టరుగారు పాప విషయంలో నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. అన్నీ తెలిసి, ఆ దగ్గు విని, "సరే, పడుకో అత్తా" అని పెట్టేశాను.

నాలుగో రోజు సంచి ఇంకా అక్కడే ఉండటం చూసి పక్కింటావిడ తలుపు తోసింది. "పెదాలు నీలంగా అయిపోయేయమ్మా, మాట రావట్లేదు" అని నాకు ఫోన్ చేసింది. వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగిందని, దాన్ని చూసి ఆ కాపలావాడు కూడా రెచ్చిపోయాడని ఆసుపత్రిలో అన్నారు. ముందే తీసుకొచ్చి ఉంటే, అని ఒక డాక్టరు మొదలుపెట్టి నా ముఖం చూసి ఆపేశారు. పక్కింటావిడ ఇప్పటికీ ఏడుస్తుంది, "సంచి ఉంది కదాని ఊరుకున్నానమ్మా" అని. ఆవిడకి సంచి ఒక్కటే కనిపించింది. నాకు దగ్గు వినిపించింది. ఆవిడని ఓదార్చే అర్హత కూడా నాకు లేదు.

మొన్న పొద్దున పాప దగ్గుతూ లేచింది. ఒళ్ళు కాలుతోంది. మా ఆయన "మధ్యాహ్నం దాకా చూద్దామా" అన్నారు. నేను అప్పటికే ఆటో పిలిచాను. దారంతా పాప వీపు మీద అరచేయి పెట్టి, అది లేస్తోందా దిగుతోందా చూసుకుంటూ కూర్చున్నాను. ప్రార్థన కూడా నోటికి రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టబోయి ఆగారు. "చెయ్యి తియ్యండమ్మా, నేను వినాలి."

తీయాలని నాకూ ఉంది. వేళ్ళు కదలలేదు. చివరికి పాపే చెయ్యి వెనక్కి పోనిచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది.